కడపంక్తి వడ్డన

వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొరత యుండదని తెలుగువారి సామెత. ఇది కేవలము హాస్యమునకు పుట్టిన మాట కాదు. వడ్డించువాడు మనవాడు కానిచో కడపంక్తివానికి మిగులునది వట్టి విస్తరియే యను చేదు అనుభవము దీనిలో దాగియున్నది. విందునకే కాక, ప్రజలకు జరుగు ప్రతి సేవకును ఈ సామెత వర్తించును. టెలివిజన్ ఒక వడ్డన. రాజ్యపాలన మఱియొక వడ్డన. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలు చిరకాలము కడపంక్తిని కూర్చున్నవి. 2016 తరువాత ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విడిపోయినను, వాని కథ మాత్రము ఒక్కటియే. వడ్డనలోని మంచిచెడ్డలను తూచుటకు అంతకంటె తగిన తావు లేదు.

మహానగరముల నక్షత్ర హోటళ్లలో వడ్డన యొక శాస్త్రము. అతిథి పిలువకమునుపే అతని అవసరమును కనిపెట్టవలెను; ఏమి కావలెనో అడుగవలెను; ఒకమారు పెట్టి పోక మరల రావలెను. ఈ శాస్త్రము మన పెండ్లిపందిరికి క్రొత్తది కాదు. విస్తరిలో ఉప్పు మొదలుకొని మజ్జిగవఱకు వంటకములు వరుసతప్పక వచ్చుట, ఇంటి యజమాని పంక్తి పొడుగునను నడచి 'ఇంకొంచెము' అని కొసరుట మన పెద్దలెఱిగిన మర్యాదయే. హోటలులో ఆ మర్యాదకు వెల కలదు. పందిరిలో బంధుత్వము కలదు. రెండింటి సారమును మూడు మాటలలో చెప్పవచ్చును: కనిపెట్టుట, అడుగుట, మరల వచ్చుట. ఈ మూటిని గీటురాయిగా గైకొని తక్కిన వడ్డనలను పరీక్షింపవచ్చును.

మొదట టెలివిజన్. 1975 ఆగస్టు 1వ తేదీన భారతదేశమున ఒక అపూర్వ ప్రయోగము ఆరంభమైనది. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు సాగినవి. ఆ గ్రామములలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలును కలవు. హైదరాబాదు నగరమునకు దూరదర్శన్ కేంద్రము 1977లో గాని రాలేదు. అనగా ఆ యొక్కమారు కడపంక్తికే ముందు వడ్డన జరిగినది. ఉదయము బడిపిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములు. ఒకే బొమ్మకు రెండు భాషల ధ్వని. ఊరికంతకు ఒక్కటే పెట్టె; అది ఏ బడిలోనో, పంచాయతీ కార్యాలయములోనో యుండెడిది. పెట్టె ఒక్కటియే యగుటచే చూచుట యనునది ఊరుమ్మడి పని యయ్యెను.

కాని ఉపగ్రహము ఏడాదికి తెచ్చిన ఎరువు సొమ్ము. 1976 జులై 31తో ప్రయోగము ముగిసెను. హైదరాబాదు కేంద్రము కొంత బరువును తలకెత్తుకొన్నను, 1982లో రంగుల ప్రసారములు, పిమ్మట ప్రాయోజిత ధారావాహికలు, 1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చునప్పటికి టెలివిజన్ ముఖము నగరమువైపు తిరిగెను. తొలినాడు ప్రేక్షకుడు అతిథి. వాణిజ్యయుగమున అతడే వంటకము, భోక్త ప్రకటనకర్త. ఎందఱు చూచుచున్నారను లెక్కయే కాని, వారికేమి కావలెనను ప్రశ్న అడుగంటినది. జనాదరణ కలదు గదా యని కొందఱందురు. నిజమే, కాని ఆకలిగొన్నవాడు తిన్నంతమాత్రమున వంట మంచిదని తేలదు. మఱియొకవైపు న్యాయమును చెప్పవలెను. 2012లో ఆరంభమైన వి6 చానలు 'తీన్మార్' వార్తలను తెలంగాణ పలుకుబడిలో వినిపింపగా జనము ఆదరించెను. తమ భాష తెరపై వెక్కిరింతకు గాక వార్తకు పనికివచ్చుట ఈ సీమవారికి చిన్న గౌరవము కాదు.

2020 సెప్టెంబరు 1న మహమ్మారి కారణమున తెలంగాణ బడిపాఠములు టీ-శాట్, దూరదర్శన్‌ల ద్వారా ఆరంభమైనవి. నలువది యైదేండ్ల నాటి ప్రయోగము తిరిగి వచ్చినట్లేయైనది, భేద మొక్కటి. నాడు పెట్టె ఊరిది, నేడు ఇంటిది. ఇంట పెట్టె లేని బాలునికి పొరుగువారి గడపయే తరగతి. సాధనములు పెరిగినంతనే పంక్తి సరికాదని ఉపాధ్యాయులకు అంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

ఇక రాజకీయము. తెరమీది కీర్తియే ఓట్లను తెచ్చునను వాదమునకు ఈ సీమ 1989లోనే సమాధానము చెప్పినది. వెండితెర దేవుడై, ముఖ్యమంత్రియై వెలిగిన ఎన్.టి. రామారావు ఆ యేట హిందూపురమున గెలిచి, కల్వకుర్తిలో చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడెను. చూచుట వేఱు, ఎన్నుకొనుట వేఱని పాలమూరు ఓటరు ఎఱుగును.

1996లో నల్లగొండ ఇచ్చిన పాఠము ఇంకను గొప్పది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు హానికరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నల్లగొండ బావులలో అది ఎంతో మించి, పిల్లల పండ్లు గారపట్టుట, పెద్దల ఎముకలు వంగుట తరతరముల వ్యథయైనది. పటిక, సున్నముతో ఫ్లోరైడును తొలగించు పద్ధతికి నాగపురమునందలి పరిశోధనాలయము 'నల్లగొండ పద్ధతి' యని పేరిడెను. జిల్లా పేరు దేశదేశముల శాస్త్రగ్రంథములకెక్కినది. నీరు మాత్రము ఊళ్లకు రాలేదు. అందుపై జలసాధన సమితి పిలుపుతో ఆ యేటి లోక్‌సభ ఎన్నికలో 480 మంది పోటీ చేసిరి. ఓటుపత్రము పుస్తకమైనది. గెలిచినవారు ధర్మభిక్షం, కాని ఆ ఎన్నిక పేరెత్తినంతనే జనులకు స్ఫురించునది ఓడినవారి సంఖ్యయే. కడపంక్తివారు విస్తరులెత్తి చూపిన రోజది. దానికి ప్రత్యుత్తరముగ మొదట వచ్చినది నీరు కాదు. ఆ యేడే లోక్‌సభ అభ్యర్థి ధరావతు 500 రూపాయలనుండి 10,000కు పెరిగెను. ఎన్నిక నిర్వహణకు అది అవసరమే కావచ్చును. అయినను ఆకలియని కేకవేసినవానికి అన్నమునకు ముందు గడియ చప్పుడు వినబడినట్లయినది. మిషన్ భగీరథ స్తంభమునకు చౌటుప్పల్‌లో శంకుస్థాపన జరుగుటకు 2015 జూన్ వఱకు ఆగవలసి వచ్చెను.

ఇటీవలి కాలమున కెమెరాలు ఈ సీమకు రాకపోలేదు. 2019లో హుజూర్‌నగర్, 2021లో నాగార్జునసాగర్, 2022లో మునుగోడు ఉపఎన్నికలకు వచ్చినవి. ఎవరు గెలుతురని అడిగినవారు వేలు. ఏ నీరు త్రాగుచున్నారని అడిగినవారు కొందఱు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలి ఎనమండుగురు చిక్కుకొనగా మరల వచ్చినవి. సుమారు 44 కిలోమీటర్ల ఆ సొరంగము నల్లగొండకు కృష్ణనీటిని తెచ్చుటకే ఉద్దేశింపబడినది. ఇరువదేండ్ల జాప్యము వార్త కాలేదు, కూలినది వార్తయైనది. కనిపెట్టుట లేని చూపు ఇట్టిది.

అన్నము విషయమున ఒక మెట్టు ఎక్కిరి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట జొన్నగటక తిన్న ఇండ్లలో వరియన్నము పెరిగినది. కాని ఆ దొడ్డుబియ్యమును చాలమంది తినలేక అమ్ముకొనిరి. 2015 జనవరిలో బడులకు, వసతిగృహములకు, 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో ఆరంభించి చౌకదుకాణములకు సన్నబియ్యము వచ్చినది; మనిషికి ఆరు కిలోలు. ఇందలి విశేషము తూకములో లేదు. మొదటిపంక్తివారు తిను బియ్యమే కడపంక్తికిని తగునని అంగీకరించుటలో కలదు. బీదవానికి ఏదైన చాలునను భావము తొలగినప్పుడే దానము వడ్డనగా మారును.

ఈ సత్యము విద్యార్థులకు దూరమైనది కాదు. మధ్యాహ్నము గంట కొట్టగనే ప్రతి బడిలోను పంక్తి తీరును. చారు పలుచబడినదా, గుడ్డు చివరివఱకు వచ్చినదా, తక్కువ తిన్న పిల్లను మరల అడిగిరా యని చూచు ఉపాధ్యాయుడు పౌరశాస్త్రమును పుస్తకము లేకయే బోధించుచున్నాడు. ఆ పంక్తిలో కూర్చుండి న్యాయమును రుచిచూచినవాడు రేపు తెరముందు కూర్చున్నను, ఓటుపెట్టె ముందు నిలిచినను వడ్డించువాడు మనవాడా యని అడుగడు. చివరి విస్తరి నిండినదా యని అడుగును. సామెత పాతబడు నాడే పంక్తి సరియగును.