లెక్కకు రాని మంద

సీతమ్మధారలో ఆదివారము తెల్లవారగనే రైతుబజారు సందడి మొదలగును. ఎండ కొంచెము ఎక్కిన పిమ్మట ఆ సందడికి ఎడముగా, మేడమీది హాలులనుండియు, అద్దెకు తీసికొన్న కల్యాణమండపములనుండియు, కీబోర్డు, డోలు వాద్యములతో కూడిన క్రైస్తవకీర్తనలు వినవచ్చును. నగరమున ఉత్తరపు దిక్కుగా, కొండల పాదమున విస్తరించిన యీ పేట ముఖ్యముగా ఉద్యోగులకు, విశ్రాంతోద్యోగులకు, వర్తకులకు నివాసము. వారి మేడలకు కాపలా కాయువారును, వారి యిండ్లలో పనిచేయు స్త్రీలును, ఆ మేడలను కట్టిన తాపీపనివారును పరిసరములందలి బస్తీలవారు. ఆరు దినములు ఒకరు యజమానులు, ఒకరు పనివారు. ఏడవ దినమున ప్రార్థనకూటములో ఇరుతెగలవారును ఒకరికొకరు సోదరులు, సోదరీమణులు. ఈ సంగతిని విస్మరించి ఈ మతోద్యమపు బలమును గూర్చి చేయు చర్చ యంతయు పైపైదే యగును.

ఈ కూటములకు వచ్చువారెందరు? ప్రభుత్వపు లెక్కను అడిగినచో విచిత్రమైన సమాధానము వచ్చును. 1971 జనగణనలో ఆంధ్రప్రదేశమందలి క్రైస్తవులు నూటికి 4.19 మంది. ఆ సంఖ్య 1981లో 2.68కిని, 1991లో 1.83కిని, 2001లో 1.55కిని, 2011లో 1.34కిని దిగెను. పదునెనిమిది లక్షలకు పైబడియున్నవారు నలువది సంవత్సరములలో పదునొకండు లక్షల చిల్లరగా మిగిలిరి. అదే కాలములో ప్రార్థనామందిరములు మాత్రము పల్లెపల్లెకు, పేటపేటకు పెరిగినవి. మందిరములు పెరుగుచుండగా మనుష్యులు తరుగుట లోకములో లేదు. లెక్కయైనను తప్పయి యుండవలెను, చెప్పవలసినవారైనను నోరు మూసికొని యుండవలెను. రెండవదే నిజమునకు దగ్గర. ఆ నోరు మూయించినదేది, ఆ మౌనమువలన లాభపడువారెవరు అనునదే అసలు ప్రశ్న.

విశాఖపట్టణమునకు ఈ మతము క్రొత్త కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పక్షమున జార్జి క్రాన్, ఆగస్టస్ దే గ్రాంజిస్ అను నిరువురు ఇచ్చటికి వచ్చిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణుడు క్రైస్తవుడై వారికి తోడ్పడగా సువార్తల అనువాదము సాగెను. 1809లో ఒకరు, 1810లో ఒకరు మరణించినను, వారి కృషిఫలముగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. గ్రంథము ఈ తీరమున రూపొందినది గాని జనము దాని వెంట రాలేదు. జనము కదలినది దక్షిణమున. 1876-78 నాటి కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకమున బీదలకు కూలి చూపెను. అన్నముకొరకే వచ్చిరను నింద రాకుండ కరువుకాలమున బాప్తిస్మములను ఆపియుంచెను. పిదప 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. నాటినుండి ఆంధ్రదేశమున క్రైస్తవము అనగా ప్రధానముగా దళితవాడల మతమైనది. దాని వరమును, దాని చిక్కును అచ్చటనే యున్నవి.

ఆ పాత మిషనుల వారసులైన సంఘములకు బిషపులున్నారు, ఎన్నికైన సభలున్నవి, పాఠశాలలు, వైద్యశాలలు ఉన్నవి. 1912లో దోర్నకలు పీఠమెక్కిన అజరయ్య ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషపు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. అయితే నేడు మేడలపై వినబడు కంఠము ఎక్కువగా వీరిది కాదు. అది వేరొక పాయ. 1935లో ఏలూరిలో రిజిస్టరైన ఇండియన్ పెంతెకోస్తు సంఘము, 1938లో ముంగమూరి దేవదాసు ఆరంభించిన బైబిలు మిషను, 1950 నుండి హైదరాబాదు హెబ్రోను కేంద్రముగా బక్తసింగు నడిపిన సహవాసములు దీనికి త్రోవ వేసినవి. వీరి సిద్ధాంతములు ఒకటి కావు. కాని విదేశపు మిషను పెత్తనమునకు వెలుపల నిలుచుట అందరికిని సమానమే. ఆ పిమ్మట పుట్టిన వేలకొలది స్వతంత్ర సంఘములకు ఏ సినడును లేదు, ఏ బిషపును లేడు. పాస్టరు ఉన్నచోట సంఘమున్నది.

ఈ పాయలో గ్రంథపాండిత్యముకన్న అనుభవమునకు ఎక్కువ విలువ. పరిశుద్ధాత్మ పూర్ణులై అన్యభాషలలో ప్రార్థించుట, రోగులపై చేతులుంచి నూనె రాచుట, ఉపవాసప్రార్థన, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో రాబోవు సంవత్సరమునకు వాగ్దానవచనము నందుకొనుట, ఇవి యెల్ల దీని ఆచారములు. వీనిలో మిక్కిలి గమనింపదగినది 'సాక్ష్యము'. యజమానురాలి యెదుట గొంతెత్తి యెరుగని స్త్రీ ఇచ్చట మైకు పట్టుకొని భర్త త్రాగుడు మానిన వైనమును, బిడ్డ జ్వరము తగ్గిన వైనమును రెండువందలమంది యెదుట చెప్పును. వారు 'ఆమెన్' అందురు. వైద్యమునకు అప్పు చేయవలసిన యింటికి స్వస్థతప్రార్థన ఒక ఆశ. పలుకరించు బంధువులు లేని నగరములో సంఘము ఒక బంధుకోటి. దీనిని కేవలము ప్రలోభమని తీసివేయువారు ఆ స్త్రీకి అంతకుముందు ఎవరు మైకిచ్చిరో చెప్పవలసియున్నది.

అట్లని దోషములు లేవనుట సత్యము కాదు. మందు మాని ప్రార్థనపైననే ఆధారపడి ప్రాణముమీదికి తెచ్చుకొనుటను ఏ విశ్వాసమును సమర్థింపజాలదు. దశమభాగము బీదవాని రాబడిలో పెద్ద కోతయే. స్వతంత్ర సంఘములలో పెక్కింట కానుకల లెక్క అడుగు సభ లేదు. మందిరము పాస్టరు కుటుంబపు ఆస్తిగా తండ్రినుండి కుమారునకు సంక్రమించు దృష్టాంతములు కలవు. లోపల ఎన్నిక లేనిచోట, వెలుపల మాటాడువాడును ఒక్కడే యగును. రాజకీయపక్షములు ఈ ఒక్కనితోనే బేరము నడపుచున్నవి.

ఇక మౌనమునకు కారణము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువులోని మూడవ పేరా ప్రకారము హిందువు కానివానికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ నిబంధన సడలింపబడెను. క్రైస్తవులకును, ముస్లిములకును సడలింపబడలేదు. ఆంధ్రప్రదేశమున క్రైస్తవుడైన దళితుడు వెనుకబడిన తరగతులలోని 'సి' వర్గమునకు మారును. ఆ వర్గమునకు గల రిజర్వేషను నూటికి ఒకటి. చట్టసభలలోని ప్రత్యేకస్థానములు అతనికి లేవు. గుంటూరు ప్రాంతపు పాస్టరు ఒకరు తనపై కులదూషణ జరిగెనని పెట్టిన కేసును 2025 ఏప్రిల్ చివర రాష్ట్ర ఉన్నతన్యాయస్థానము కొట్టివేయుచు, క్రైస్తవమును అవలంబించినవానికి అత్యాచారనిరోధచట్టపు రక్షణ చెందదని తీర్పు చెప్పెను. తిట్టినవాడు కులమును మరువలేదు. చట్టము మాత్రము మరచినది. ఇట్టి స్థితిలో బాప్తిస్మము పొందిన పెక్కుమంది కాగితముమీద హిందువులుగనే మిగిలిపోవుచున్నారు. దీనిని మోసమని విమర్శకులు అందురు. అన్నమునకును ఆరాధనకును నడుమ ఒకటి యెన్నుకొమ్మనుట న్యాయమా అని రెండవవారు అందురు. 2022 అక్టోబరులో ఈ ప్రశ్నను పరిశీలించుటకు బాలకృష్ణన్ సంఘము నియమింపబడి, దాని గడువు పలుమార్లు పొడిగింపబడెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రైస్తవులైన దళితులకు ఆ హోదా నీయవలెనని తీర్మానించెను. తీర్మానించుట శాసనసభవంతు, చట్టము మార్చుట కేంద్రమువంతు. కనుక తీర్మానమునకు ఖర్చు లేదు.

ఖర్చు గల ఉపకారములు వేరు. వై. యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వకాలమున జెరూసలేము యాత్రకు సహాయము ఆరంభమాయెను. ఆయన కుమారుడు జగన్మోహనరెడ్డి ముఖ్యమంత్రియైన పిమ్మట దానిని తక్కువ రాబడిగలవారికి 60,000 రూపాయలకు పెంచిరి. పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనము ఏర్పరచిరి. 2024లో ప్రభుత్వము మారెను. భారతీయ జనతా పక్షము భాగస్వామిగా గల క్రొత్త కూటమియు ఆ గౌరవవేతనమును రద్దుచేయలేదు. ఎనిమిదివేలకు పైగా పాస్టర్లకు బకాయిలు విడుదల చేసెను. అర్చకులకును, ఇమాములకును సహాయమున్నది గనుక పాస్టర్లకు కూడదనుట సమంజసము కాదు. కాని దీని పరిణామమును గమనింపవలెను. ప్రభుత్వపు లెక్కలో మంద లేదు. కాపరికి మాత్రము లెక్కలో చోటున్నది. మందకు కావలసినది హక్కు; దొరకినది కాపరికి జీతము. డిసెంబరు తేనీటివిందులలో కేకు కోయు నాయకులును, వేదికమీది పాస్టర్లును ఈ భేదమును ప్రస్తావింపరు.

ఈ కాపరులు ఓట్లను నిజముగా తిప్పగలరా? విశాఖపట్టణపు అనుభవము కాదనుచున్నది. 2019లో క్రైస్తవకుటుంబమునకు చెందిన నాయకుని పక్షము రాష్ట్రమున 175 స్థానములలో 151 గెలిచినప్పుడును, నగరపు తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ నియోజకవర్గములు నాలుగును తెలుగుదేశమునకే దక్కెను. సీతమ్మధార గల ఉత్తర నియోజకవర్గము 2014లోను, 2024లోను భారతీయ జనతా పక్షపు అభ్యర్థి విష్ణుకుమార్ రాజును గెలిపించెను. 2024లో 151 స్థానముల పక్షము పదునొకంటికి దిగెను. అంతకుముందే ఆ కుటుంబమున చీలిక వచ్చి, సువార్తికుడైన అనిల్‌కుమార్ భార్య షర్మిల కాంగ్రెసు అధ్యక్షురాలయ్యెను. విశాఖ జిల్లా చిట్టివలసలో పుట్టి, ప్రపంచనాయకులతో చేయి కలిపి, సొంత విమానమున తిరిగిన కె. ఎ. పాల్ 2008లో ప్రజాశాంతి పార్టీని స్థాపించిరి. 2024లో విశాఖ లోకసభ స్థానమునకు పోటీచేసి గెలుపునకు చేరువ కూడ కాలేదు. ఆయన స్వస్థతసభలకు వచ్చిన లక్షలు ఓట్లపెట్టెవద్దకు రాలేదు. ప్రార్థనకు ఒకచోట, ఓటుకు వేరొకచోట మొగ్గుటకు ఈ విశ్వాసులు చక్కగా ఎరుగుదురు. ఉక్కు కర్మాగారపు అమ్మకమువంటి ప్రశ్నలో వారు క్రైస్తవులుగా గాక విశాఖవాసులుగనే ఆలోచింతురు.

అయినను వారి బలమును గూర్చిన భయము పెరుగుచునే యున్నది. 2020 డిసెంబరులో రామతీర్థమున శ్రీరామవిగ్రహము భగ్నమైనప్పుడు హిందువుల మనస్సు గాయపడినది. ఆ మరుసటి నెలలో విగ్రహములను కాలదన్నితినని ప్రగల్భములు పలికిన కాకినాడ పాస్టరు ఒకరు అరెస్టు కాబడిరి. అట్టి పలుకులు ఎట్టి సువార్తయు కావు. పొరుగువాని దేవుని దూషించి పొరుగువానిని ప్రేమించుట యెట్లు? తిరుమలవంటి పుణ్యక్షేత్రములలో అన్యమతప్రచారమును నిషేధించు చట్టము 2007లో, క్రైస్తవుడైన రాజశేఖరరెడ్డి ప్రభుత్వమే తెచ్చెనను విషయమును ఇరుపక్షములును మరచుచున్నవి. 2025 మార్చిలో రాజమహేంద్రవరము సమీపమున ఒక ప్రబోధకుడు మరణించినప్పుడు పెక్కు పట్టణములలో విశ్వాసులు వీధికెక్కిరి. అది రోడ్డుప్రమాదమని పోలీసులు తేల్చిరి. పెక్కుమంది విశ్వాసులకు అనుమానము తీరలేదు. లెక్కలో కానరాని జనము వీధిలో ఒక్కసారిగా కానవచ్చినప్పుడు చూచువారికి భయము, వచ్చినవారికి ఆవేశము కలుగుట సహజము. దాచబడినదానిని లోకము ఎప్పుడును పెద్దదిగనే ఊహించును.

ఇతరదేశములతో పోల్చినచో ఈ భేదము స్పష్టమగును. అమెరికాలో 1979లో 'మోరల్ మెజారిటీ' స్థాపించిన జెర్రీ ఫాల్వెల్ మొదలు నేటివరకు సువార్తిక క్రైస్తవులు తమ సంఖ్యను ప్రకటించియే అధ్యక్షులతో బేరములాడిరి. బ్రెజిలులో 2022 జనగణన ప్రకారము వారు నూటికి 26.9 మంది, పార్లమెంటులో వారికి ప్రత్యేక కూటమియే యున్నది. అచ్చట మతము చెప్పినవాడు ఏమియు పోగొట్టుకొనడు. ఇచ్చట దళితుడు మతము చెప్పినచో ఉద్యోగమును, చదువును, రక్షణను పోగొట్టుకొనవచ్చును. కావున ఆ దేశములను చూపి ఇచ్చటి వారిని బెదరించుటయు, ఆ దేశములను చూచి ఇచ్చటి పాస్టర్లు ఉప్పొంగుటయు రెండును పొరబాటే.

2027 మార్చి 1 ప్రమాణదినముగా జరుగు జనగణనలో మతముతోపాటు కులమును కూడ లెక్కింప నిర్ణయమైనది. సీతమ్మధార చేరువ బస్తీలోని యొక గుమ్మమున గణకుడు నిలిచి రెండు ప్రశ్నలడుగును. లోపల గోడమీద వాగ్దానవచనము వ్రేలాడుచుండును. పెట్టెలో బిడ్డ కులధృవపత్రముండును. ఆ తల్లి ఒకదానిని చెప్పినచో రెండవది ప్రమాదమున పడును. మందిరములో రెండువందలమంది యెదుట నిర్భయముగా సాక్ష్యమిచ్చిన ఆమెయే ఆ గుమ్మమున గొంతు తగ్గించి, పరాయి మతము పేరు చెప్పవలసివచ్చును. ఆమె బొంకుటను ఆక్షేపించుట సులభము. ఆమెను బొంకనవసరము లేని స్థితికి తెచ్చుట కష్టము. పాస్టరునకు గౌరవవేతనము పెంచుదుమని పోటీపడు పక్షములలో ఈ రెండవ పనికి పూనుకొనునది ఏదో, అదియే ఆమె ఓటును న్యాయముగా అడుగగలది. అంతవరకు ఆమె ప్రార్థన దేవునికి వినబడునేమో గాని, ప్రభుత్వపు లెక్కలో మాత్రము ఆమె లేనట్లే.