మనోళ్ళ మెస్సు

లండన్ పోయేవాళ్ళకి మనోళ్ళు చెప్పే మొదటి పాఠం తిండి గురించే. ఎక్కడ తింటే చవక, ఎక్కడ సాంబారు రెండోసారి పోస్తారు, ఎక్కడ అడిగినంత అన్నం పెడతారు. నాకూ చెప్పారు. 2018 సెప్టెంబర్‌లో, ముప్పయ్యేళ్ళ వయసులో, బడికి సెలవు పెట్టి, కేంద్రం షెడ్యూల్డ్ కులాలవాళ్ళకిచ్చే విదేశీ స్కాలర్‌షిప్ మీద ఎం.ఏ. చదవటానికి దిగాను. బతకటానికిచ్చేది ఏడాదికి 9,900 పౌండ్లు. నెలకి 825. ఈస్ట్ హామ్‌లో ఇంకో అమ్మాయితో పంచుకున్న గదికే సగం పోయేది. రైలూ పుస్తకాలూ పోగా మిగిలిందే కడుపుకి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మిరపకోతలకి పోయే మా అమ్మ ఫోన్‌లో అడిగేది ఒకటే, "తిన్నావంటే?"

ఈస్ట్ హామ్‌లో తమిళుల, మలయాళీల, మన తెలుగువాళ్ళ హోటళ్ళు వరసగా ఉంటాయి. అక్కడో మెస్సు, పేరు చెప్పను. ఐదు పౌండ్లకి అన్నం, పప్పు, గోంగూర, పెరుగు. మూడోవారం కౌంటరు దగ్గర పెద్దాయన నవ్వుతూ, "ఏ ఊరమ్మా?" అన్నాడు. చెప్పాను. "ఇంటిపేరు?" చెప్పాను. మా ఇంటిపేరు ఊళ్ళోనూ ఉంది, పల్లెలోనూ ఉంది. ఆయనకి తేలలేదు. "మనోళ్ళేనా?" అన్నాడు.

ఆ "మన"లో ఎవరుంటారో, ఎవరుండరో పుట్టినప్పట్నించీ తెలిసినదాన్ని. "మాదిగోళ్ళమండీ" అన్నాను. "అబ్బే, ఊరికే అడిగా. ఇక్కడ అవన్నీ ఎవరు పట్టించుకుంటారమ్మా!" పట్టించుకోనివాడు అడగటం దేనికి? అన్నం తగ్గలేదు, నిజం చెప్పాలి. కానీ అంతకుముందు పచ్చడి గిన్నె నా ముందు పెట్టి పోయేవాళ్ళు. ఆ తర్వాత గరిటెతో ఇంత వేసి గిన్నె తీసుకుపోయారు.

ఇదీ ఒక సంగతేనా అంటారు మీరు. మా ఊరి టీకొట్టులో మా నాన్నకని చూరులో దోపిన గ్లాసు కళ్ళకి కనపడేది. ఈ గ్లాసు కనపడదు. సాక్ష్యం ఎక్కణ్ణించి తేను? సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని అక్కడి పార్లమెంటు 2013లో చెప్పింది. నేను దిగటానికి రెండు నెలల ముందు, 2018 జూలైలో, చేర్చబోమని ప్రభుత్వం తేల్చేసింది. వద్దని గట్టిగా పట్టుబట్టినవాళ్ళలో అక్కడి హిందూ సంఘాలు ముందున్నాయి. లేని కులానికి అంత భయమెందుకో!

ఆ మెస్సు మానేశాను. ఆకలి మానదు గదా. ఒక శనివారం నడుచుకుంటూ బ్రిక్ లేన్‌లో పడ్డాను. రాత్రీ పగలూ తెరిచుండే యూదుల రొట్టెల కొట్టు, బైగల్ బేక్. గుండ్రటి రొట్టెని అడ్డంగా కోసి, ఉప్పులో ఊరేసి ఉడకబెట్టిన గొడ్డుమాంసం దట్టంగా కూరి, ఆవముద్ద రాసి కాగితంలో చుట్టిస్తారు. అప్పట్లో ఐదు పౌండ్ల లోపే. కౌంటరు వెనక ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న. ఆవముద్ద కావాలా, వద్దా?

కళ్ళనీళ్ళొచ్చాయి. ఆవముద్ద ఘాటనే అనుకోండి. ఏడేళ్ళ సర్వీసులో స్టాఫ్‌రూంలో నా క్యారేజీ ఎప్పుడూ వంకాయే, బెండకాయే. ఆదివారం తిన్న తునకల కూర వాసన చేతికుంటుందేమోనని సోమవారం పొద్దున రెండుసార్లు సబ్బు రుద్దుకున్నదాన్ని. ఇక్కడ పట్టపగలు, నడివీధిలో నిలబడి తిన్నాను. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పెద్దకూర పండగ చేసి పిల్లలు దెబ్బలు తిన్నది ఇంతమాత్రం దానికోసమే.

అదే వీధిలో ఒక మసీదుంది. 1743లో ఫ్రాన్స్ నుంచి పారిపోయొచ్చిన ప్రొటెస్టెంట్లు చర్చిగా కట్టుకున్నారు. 1898లో యూదుల ప్రార్థనామందిరమైంది. 1976 నుంచి బెంగాలీ ముస్లింల మసీదు. తరిమితే వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అవే గోడల మధ్య తలదాచుకున్నారు. మనోళ్ళని ఎవరూ తరమలేదు. ఆవకాయతోపాటు కులాన్నీ సీసాకెత్తుకుని విమానమెక్కారు.

అంబేడ్కర్ 1921-22లో ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్ ఇంటికి వెళ్ళిన రోజు కూడా సంచిలో ఆ రొట్టే ఉంది. లండన్ రాత్రుల్లో ఆయన అప్పడాలు నమిలి చదివాడని జీవితచరిత్రల్లో రాశారు. ఇంటి ఎదుట నిలబడి సగం తిన్నాను, సగం దాచుకున్నాను.

తిరిగొచ్చి బళ్ళో చేరాక, "అక్కడ తిండికెట్లా మేడం?" అని అడిగారు. గొడ్డుమాంసం రొట్టె తిన్నానని చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నా పచ్చడి సీసా వైపు ఒక్క చెయ్యి రాలేదు. ఆ తర్వాతి సోమవారం క్యారేజీలో తునకల కూర పట్టుకెళ్ళాను. మూత తీసి బల్లమీద పెట్టుకునే తిన్నాను.