కుక్కలబండి మీద నలుసుల వేట

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, కాస్త నడుం వాలుద్దామని చాప పరుచుకుంటూ వుంటే, మా మనవరాలు ఒక ఫోటో తెచ్చి నా కళ్ళ ముందు పెట్టింది.

"అమ్మమ్మా, ఇది చూడు! కుక్కలు నీళ్ళమీద నడుస్తున్నాయి!"

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నిజమే! అద్దం పరిచినట్టు నీలంగా నీరు. దూరాన కొండలు. ఆ నీటిమీద, విచ్చుకున్న విసనకర్రలాగా, పది పన్నెండు కుక్కలు బండి లాక్కుపోతున్నాయి. మహత్యమేమో అనుకున్నాను సుమండీ. కింద వివరం చదివితే గాని సంగతి తెలియలేదు. 2019 జూన్ 13న గ్రీన్‌లాండు వాయవ్య తీరాన, కానాక్ అనే చిన్న ఊరి దగ్గర తీసిన ఫోటో అది. తీసినాయన స్టెఫెన్ ఓల్సెన్, డెన్మార్కు వాతావరణ సంస్థలో శాస్త్రజ్ఞుడు. సముద్రం మీద పెట్టి వచ్చిన పరికరాలను వెనక్కి తెచ్చుకోవడానికి, ఆ ఊరి వేటగాళ్ళతో కలిసి బయలుదేరాడు. కుక్కలు నడుస్తున్నది నీటిమీద కాదు. గడ్డకట్టిన సముద్రం మీద. ఆ మంచుగడ్డ మందం నాలుగడుగుల దాకా వుంది. పైన కరిగిన నీరు ఇంకిపోవడానికి ఎక్కడా పగుళ్ళు లేక అలా నిలిచిపోయింది.

"మరి అంత చదువుకున్నాయనకి మోటారుబండి దొరకలేదా? కుక్కలబండి ఎందుకు? మంచులో ప్లాస్టిక్ వెతకడానికి కూడా ఇలాగే వెళ్తారటగా?" అని అడిగింది పిల్ల.

పిల్లల ప్రశ్నలు చూశారూ, ఇలాగే ఒక దాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తాయి. వాటికి జవాబు వెతుక్కుంటూ పోతే నా నిద్ర కాస్తా ఎగిరిపోయింది గాని, మంచి సంగతులే తెలిశాయి. మీకూ చెప్తాను.

ముందు ప్లాస్టిక్ సంగతి. సముద్రాల్లోనూ నేలమీదా పోగుపడే ఈ సన్నని ప్లాస్టిక్ తునకలకు 'మైక్రోప్లాస్టిక్' అన్న పేరు వాడుకలోకి తెచ్చినాయన ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థామ్సన్, అది 2004లో. అయిదు మిల్లీమీటర్ల లోపు వున్న తునకలన్నిటికీ ఇప్పుడు ఆ పేరే. మనం నలుసులందాం. బకెట్టు ఎండకి పెళుసెక్కి రాలిన పొడి, గోడల మీది రంగు పెచ్చు, కారు టైరు అరిగినప్పుడు లేచే ధూళి, నైలాను చీర ఉతికినప్పుడు వూడే పోగు — అన్నీ నలుసులే. కుళ్ళవు, చివకవు. ఇంకా చిన్నవవుతాయి, అంతే.

ఇవి మనుషులున్నచోట వుంటాయంటే వింత లేదు. ఊళ్ళూ రోడ్లూ లేని ఉత్తర ధ్రువప్రాంతంలో ఎందుకుంటాయి? జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థలో పనిచేసే మెలనీ బెర్గ్‌మన్ అనే ఆవిడ, ఆవిడ తోటివారూ దీన్నే పరిశోధించారు. గ్రీన్‌లాండుకూ స్వాల్‌బార్డ్ దీవులకూ నడుమనున్న ఫ్రామ్ జలసంధిలో తేలే మంచుగడ్డల మీద నుంచీ, స్వాల్‌బార్డ్ దీవుల్లోంచీ, యూరపులోని కొండల మీద నుంచీ మంచు తెచ్చి పరీక్షించారు. స్వాల్‌బార్డ్ అంటే మనకి మరీ పరాయిది కాదు లెండి. మన దేశం 2008లో 'హిమాద్రి' అనే పరిశోధన కేంద్రం పెట్టింది అక్కడే.

అక్కడ మంచు ఎత్తడానికి వాళ్ళు వాడిన పరికరమేమిటనుకున్నారు? ఒక చెంచా, ఒక ఫ్లాస్కు! ఆ మంచు కరిగించి, వడకట్టి, మిగిలినదాన్ని పరారుణ కిరణాల కింద పెట్టి చూస్తే, ఒక్కొక్క రకం ప్లాస్టిక్ తన వేలిముద్ర తాను చూపిస్తుంది. వెంట్రుక మందంలో ఆరోవంతు వున్న నలుసు కూడా దొరికిపోతుంది.

2019లో వాళ్ళు ప్రకటించిన లెక్క ఇది. ధ్రువప్రాంతపు మంచు కరిగించిన లీటరు నీటిలో సగటున 1,760 నలుసులు. అన్నిటికంటే ఎక్కువగా వున్నచోట 14,400. యూరపులో అయితే జర్మనీలోని బవేరియాలో ఒక రోడ్డు పక్క మంచులో 1,54,000. వాటిలో వార్నిషు, రబ్బరు, పాలిథిన్, నైలాను ఎక్కువ. ఇంత దూరం ఎవరు మోసుకొచ్చారంటే, గాలి. వెంట్రుకకంటే సన్ననివి గాలిలో తేలిపోయి, మంచు కురిసేటప్పుడు దానితోబాటు దిగుతాయి. మరికొన్ని సముద్రపు ప్రవాహాల మీద ప్రయాణం చేసి, నీరు గడ్డకట్టేటప్పుడు అందులో చిక్కుకుంటాయి. అదే సంస్థవారు 2018లో ప్రకటించిన ఇంకొక పరీక్షలో, సముద్రపు మంచుగడ్డలో లీటరుకు 12,000 దాకా నలుసులు దొరికాయి.

ఇప్పుడు కుక్కలబండి దగ్గరికి వద్దాం. మంచు మీద పోయే మోటారుబండికి రబ్బరు పట్టా వుంటుంది. పైన ప్లాస్టిక్ తొడుగు, రంగు, వార్నిషు. అది వెళ్ళిన దారి పొడుగునా తన నలుసులు తాను రాల్చుకుంటూ పోతుంది. ఇంజను పొగ సరేసరి. కుక్కలబండి అలా కాదు. చక్రాలు లేని బండి, కర్ర పట్టాల మీద జారుతుంది. కుక్కలు రాల్చేదల్లా బొచ్చూ పెంటా. వాటిని చూసి ఎవరూ ప్లాస్టిక్ అని పొరబడరు. గ్రీన్‌లాండులో ప్రతి కుక్కకీ విడిగా ఒక తాడు కట్టి, విసనకర్రలా విచ్చుకునేటట్టు తోలుతారు. అందువల్ల బరువంతా ఒక్కచోట పడదు; పలచని మంచు మీద అది ప్రాణరక్షణ.

"అయితే కుక్కలబండి మడి కట్టుకున్నట్టే!" అంది మా పిల్ల.

అంత తేలిక కాదు. ఈ రోజుల్లో కుక్కల మెడపట్టీలూ తాళ్ళూ నైలానువి. బండి పట్టాల అడుగున కూడా చాలాచోట్ల ప్లాస్టిక్ రేకులే బిగిస్తున్నారు. ఇక బండి మీద కూచున్న మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. చలికి తట్టుకోవడానికి తొడుక్కున్న మెత్తని కోటు పాలియెస్టరు; టోపీ, తొడుగులు, గుడారం, అన్నీ అదే జాతి. చెయ్యి విదిలిస్తే చాలు, పోగులు రాలతాయి. నలుసుల్ని వెతకడానికి వెళ్ళిన మనిషే నలుసుల మూట!

అందుకని వాళ్ళు పాటించే నియమాలు మన వంటింటి మడికి తీసిపోవు. బండి దూరంగా ఆపాలి. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని దానికి ఎదురుగా నిలబడాలి, తమ మీది ధూళి వెనక్కి పోయేటట్టు. ఇంకా ఎవరి అడుగూ పడని మంచునే ఎత్తాలి. చెంచా ఉక్కుది, సీసా గాజుది. అన్నిటికంటే నాకు నచ్చినది చివరి నియమం. ఏ నలుసూ లేని శుభ్రమైన నీరు వున్న సీసా ఒకటి వెంట వుంచుకుని, మంచు సీసాకి చేసిన పనులన్నీ దానికీ చేస్తారు. అక్కడే మూత తీసి, అక్కడే మూసి, అలాగే వడకడతారు. అందులో ఎన్ని నలుసులు కనిపిస్తే అన్నీ పరిశోధకుడు పోసినవే. ఆ సంఖ్యని లెక్కలోంచి తీసేస్తారు.

నెయ్యి తూచే ముందు కోమటి ఖాళీ గిన్నెకి ధడా కట్టేవాడు, గుర్తుందా? గిన్నె బరువు నెయ్యి బరువులో కలవకుండా. ఇదీ ధడాయే. ఎదుటి మంచులో ఎంత మురికి వుందో చెప్పేముందు, నా మురికి ఎంతో తేల్చుకోవడం!

ఈ లెక్క కేవలం చదువుకున్నవాళ్ళ వేడుక కాదు. మంచుగడ్డల అడుగున ఒక రకం నాచు పెరుగుతుంది. చుట్టుపక్కల నీటిలో కంటే ఆ నాచులో నలుసులు పదింతలున్నాయని 2023లో బెర్గ్‌మన్ బృందమే ప్రకటించింది. నాచుని చిన్న చిన్న ప్రాణులు తింటాయి, వాటిని చేప, చేపని సీలు, సీలుని ధ్రువపు ఎలుగూ మనిషీ. కానాక్‌లో ఆరువందల మంది చిల్లర వుంటారు. వాళ్ళ తిండి చాలావరకు ఆ సముద్రంలోదే. ఒకవైపు మంచు పలచనై కుక్కలబండికి దారి లేకుండా పోతోంది. గ్రీన్‌లాండులో ఇరవై ఏళ్ళ క్రితం పాతికవేల దాకా వుండే బండికుక్కలు ఇప్పుడు సుమారు సగమయ్యాయి. ఇంకొకవైపు ఎక్కడెక్కడివో వస్తువుల నలుసులు కంచంలోకి వస్తున్నాయి. చేసినది ఒకరు, అనుభవించేది ఇంకొకరు.

చేసినది ఎవరంటారా? 2021లో వెలువడిన ఒక పరిశోధనలో, ఆర్కిటిక్ సముద్రంలో 71 చోట్ల నీరు తీసి చూస్తే, దొరికిన ప్లాస్టిక్ నలుసుల్లో నూటికి 92 బట్టల పోగుల్లాంటివే! వాటిలో ఎక్కువ భాగం పాలియెస్టరు. ఒక్క వాయి బట్టలు ఉతికితే లక్షల పోగులు వూడుతాయని 2016లో ప్లిమత్‌లోనే లెక్కగట్టారు. ఆర్కిటిక్‌కి చేరేవి ముఖ్యంగా అట్లాంటిక్ వైపు నుంచి వచ్చినవి. మన వీధి కాలవలోవి అంతదూరం పోతాయని నేననను. మనవి మన బంగాళాఖాతానికి చాలు.

నైలాను చీరలు కొత్తగా వచ్చిన రోజులు నాకు బాగా జ్ఞాపకం. ఉతికి ఆరేస్తే అరగంటలో ఆరిపోయేది, ఇస్త్రీ అక్కర్లేదు, ఏళ్ళ తరబడి చిరగదు. చిరగదని మురిసిపోయాం గాని, వూడిన పోగు కూడా ఏనాటికీ చివకదని అప్పుడు తోచలేదు.

ఇంతా విని మా మనవరాలు, "అమ్మమ్మా, అయితే మన యింటి ధడా ఎంత?" అంది.

ఇద్దరం లేచి వెళ్ళి బట్టలుతికే మిషను తెరిచి, లోపలున్న చిన్న వలసంచీ వూడదీశాం. పిడికెడు తడి ముద్ద! విప్పి చూస్తే దాని ఆటల కోటు నీలం, నా నైలెక్సు చీర చిలకపచ్చ, ఎవరివో ఎరుపు పోగులూ కలిసి వున్నాయి. ఇన్నాళ్ళూ దాన్ని పంపు కింద కడిగి తూములోకి వదిలేదాన్ని. ఆ రోజు కాయితంలో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేశాను. ఒకసారి కట్టుకున్న చీరని మాసినా మాయకపోయినా మిషనులో పడెయ్యడం మానేశాను. వేసినప్పుడు కూడా మిషను నిండేదాకా ఆగి, చన్నీళ్ళతో తిప్పుతున్నాను. అలా అయితే పోగులు తక్కువ వూడతాయి.

"వలలో చిక్కింది ఇంత వుంటే, చిక్కకుండా పోయింది ఎంతో?" అంది పిల్ల, పొట్లం వంక చూస్తూ.

దానికి జవాబు నా దగ్గర లేదు. మీ యింటి వలసంచీ కూడా ఒకసారి తీసి చూడండి.