కోన్ ఫిల్టర్‌తో బలం రాదు, ధూళి వస్తుంది

టర్బో పెట్రోల్ కారు కొన్న కుర్రవాడికి మొదటి నెలలోనే అందే సలహా ఒకటుంది: "ముందు స్టాక్ ఫిల్టర్ తీసి పారెయ్, కోన్ ఫిల్టర్ వేయించు. ఇంజిన్‌కి గాలి బాగా ఆడితే పికప్ దానంతటదే వస్తుంది." హైదరాబాద్ ట్యూనింగ్ షాపుల నుంచి కాలేజీ పార్కింగుల దాకా ఈ మాట వేదవాక్కులా చలామణీ అవుతోంది. పోలో జీటీ అయినా, ఐ20 ఎన్ లైన్ అయినా, వర్టస్ జీటీ అయినా, చేయించాల్సిన మార్పుల జాబితాలో మొదటి స్థానం ఇన్‌టేక్‌దే. ఈ సలహా తప్పు. రోడ్డు మీద తిరిగే కారుకు, అందులోనూ దక్కన్ ధూళిలో తిరిగే కారుకు, ఇది డబ్బు పోసి ఇంజిన్ ఆయుష్షు తగ్గించుకునే పని.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి పుట్టిందో ముందు ఒప్పుకోవాలి. గాలే బలం అన్న సూత్రంలో తప్పు లేదు. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అందుకే ప్రపంచ ర్యాలీ పోటీల్లో ఇంజిన్ బలానికి కళ్ళెం వేయాలనుకున్నప్పుడు గాలి దారినే బిగించారు. 1995లో టర్బోకు ముందు 34 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ తప్పనిసరి. ఆ ఏడాది కాటలూన్యా ర్యాలీలో టొయోటా సెలికా కార్లలో ఆ రిస్ట్రిక్టర్‌ను పక్కకు తప్పించి గాలి లాగే రహస్య ఏర్పాటు దొరికింది. దాని పనితనం చూసి ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏకు అప్పటి అధ్యక్షుడైన మ్యాక్స్ మోస్లీ సైతం ఆశ్చర్యపోయాడు. టొయోటా జట్టు పాయింట్లు పోయాయి, 12 నెలల నిషేధం పడింది.

కానీ ఆ ఉదంతం చెప్పే పాఠాన్ని మనవాళ్ళు సగమే చదివారు. ఆ ఇంజనీర్లు అంత తెలివినీ ఎక్కడ పెట్టారు? గాలి దారిలో అన్నిటికంటే ఇరుకైన చోట పెట్టారు. చెరువు తూము సన్నగా ఉన్నప్పుడు కాలువను ఎంత వెడల్పు చేసినా పొలానికి పారే నీరు పెరగదు. మన రోడ్డు కార్లలో ఆ ఇరుకు ఫిల్టర్ దగ్గర ఉందా? ఈ ప్రశ్న వేయకుండానే ఫిల్టర్ మార్చేస్తున్నారు.

లెక్క వేసి చూద్దాం. సముద్ర మట్టం దగ్గర వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్స్. శుభ్రమైన స్టాక్ ఫిల్టర్, దాని పెట్టె, గొట్టం అన్నీ కలిసి ఫుల్ థ్రాటిల్‌లో 2 కిలోపాస్కల్స్ అడ్డు పెడుతున్నాయని అనుకోండి. ఆ అడ్డును పూర్తిగా తుడిచిపెట్టినా మిగిలేది రెండు శాతం. ఏ ఫిల్టరూ అడ్డును సున్నా చేయలేదు కాబట్టి, నిజంగా చేతికొచ్చేది అంతకంటే తక్కువ. దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్ర తీరంతో పోలిస్తే ఆరు శాతం దాకా తక్కువ. టర్బో లేని కారును హైదరాబాద్ నుంచి విజయవాడకు దింపితే వచ్చే లాభం, ఏ ఫిల్టర్ మార్చినా వచ్చే లాభం కంటే ఎక్కువ.

టర్బో కార్ల సంగతి వేరు. వాటిలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ముందే ఒక టార్క్ లక్ష్యం పెట్టుకుని, దానికి కావాల్సిన బూస్ట్ వచ్చేలా వేస్ట్‌గేట్‌ను నడుపుతుంది. ఫిల్టర్ దగ్గర అడ్డు కాస్త తగ్గితే టర్బో కాస్త తక్కువ కష్టపడి అదే బూస్ట్ ఇస్తుంది. చక్రాలకు చేరే బలం చాలావరకు అదే. 150 పీఎస్ అని కంపెనీ రాసిన ఇంజిన్, రీమ్యాప్ (ఈసీయూ ప్రోగ్రామ్ మార్పు) లేకుండా, ఫిల్టర్ మారిందని 165 ఇవ్వదు.

ఇక వేడి సంగతి. కంపెనీ ఇచ్చిన పెట్టెను చూసి "డబ్బా ప్లాస్టిక్" అని తీసిపారేస్తారు. ఆ ప్లాస్టిక్ ఇంజిన్ వేడిని అడ్డుకుంటుంది. దాని మూతి గ్రిల్ వెనకనో, ఫెండర్ పక్కనో తెరుచుకుని బయటి చల్లగాలిని లాగుతుంది. దాన్ని తీసేసి బానెట్ కింద కోన్ పెడితే, రేడియేటర్ దాటి వచ్చిన వేడిగాలే ఇంజిన్‌కు దక్కుతుంది. 35 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి లాగితే సాంద్రత ఏడున్నర శాతం తగ్గుతుంది. అడ్డు తగ్గించి సంపాదించాలనుకున్న రెండు శాతం ఎక్కడ, పోగొట్టుకునే ఏడున్నర ఎక్కడ? పైగా వేడిగాలితో నాకింగ్ మొదలైతే సెన్సర్ పసిగట్టి ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, అక్కడ మరికొంత బలం పోతుంది. వేగం మీద ఉన్నప్పుడు బానెట్ కింద కొంత చల్లబడుతుంది, నిజమే. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరే కారుకు ఆ వెసులుబాటు ఉండదు.

మరి వేయించుకున్నవాళ్ళందరూ "తేడా తెలిసింది" అంటారే? తెలుస్తుంది, చెవికి. స్టాక్ ఇన్‌టేక్‌లో గాలి హోరును మింగే రెజొనేటర్ గదులుంటాయి. అవి పోగానే ఆ హోరు క్యాబిన్‌లోకి వస్తుంది. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు తోస్తుంది. ఇంజిన్ బలాన్ని కొలిచే యంత్రం, డైనో, ఇచ్చిన కాగితం చూపిస్తే, అది ఎలా తీశారో అడగాలి. బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి తీసిన కొలత రోడ్డుకు వర్తించదు. మార్పేమీ చేయకుండా ఒకే కారును వరసగా మూడుసార్లు డైనో ఎక్కించినా ఒకటి రెండు శాతం తేడా వస్తుంది. అమ్మేవాళ్ళు చూపే లాభం చాలాసార్లు ఆ తేడాలోనే ఉంటుంది.

మైలేజీ పెరుగుతుందన్న మాట కూడా నిలవదు. మామూలుగా నడిపేటప్పుడు పెట్రోల్ ఇంజిన్‌లో గాలికి పెద్ద అడ్డు సగం మూసిన థ్రాటిలే. ఫిల్టర్ పెట్టే అడ్డు దాని ముందు లెక్కలోకి రాదు. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఇదే పరీక్షించింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంతగా మారలేదు. మురికి ఫిల్టర్‌తోనే తగ్గని మైలేజీ, ఖరీదైన ఫిల్టర్‌తో పెరుగుతుందనడం ఎలా?

అన్నిటికంటే పెద్ద విషయం ధూళి. ఫిల్టర్ ఉన్నదే దానికోసం. హైదరాబాద్ గ్రానైట్ మీద కట్టిన నగరం. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ మోస్ కాఠిన్య స్కేలులో 7. మామూలు ఉక్కు కంటే గట్టిది. క్వారీలు, క్రషర్లు, రోబో శాండ్ లారీలు, నగరం నలుమూలలా లేస్తున్న కట్టడాలు ఆ రాయిని పొడి చేసి గాలిలో కలుపుతున్నాయి. 1.5 లీటర్ల ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర, బూస్ట్ లెక్కలోకి తీసుకోకపోయినా, నిమిషానికి 4500 లీటర్ల గాలి లాగుతుంది. కంటికి కనిపించని కొద్ది మైక్రాన్ల రేణువులే పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య ఉన్న పలచని ఆయిల్ పొరలో చేరి అరగదీస్తాయి. వాటికంటే ముందు టర్బో కంప్రెసర్ రెక్కలు దెబ్బ తింటాయి.

కోన్ ఫిల్టర్లలో ఎక్కువ భాగం నూనె పట్టించిన కాటన్ రకం. గాలి సులువుగా పోవాలంటే సందులు పెద్దవి కావాలి, సందులు పెద్దవైతే ధూళి ఎక్కువ పోతుంది. ఒక ఫిల్టర్ 99.5 శాతం ధూళిని, ఇంకొకటి 97 శాతం ధూళిని ఆపుతాయనుకోండి. వినడానికి రెండూ ఒకటే. లోపలికి పోయేది చూడండి: మొదటిదాంట్లో 0.5 శాతం, రెండోదాంట్లో 3 శాతం. ఆరు రెట్లు. ధూళి వడపోతను కొలవడానికి ఐఎస్‌ఓ 5011 అనే ప్రమాణం ఉంది. ఆ ఫలితం అడగకుండా, హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూసి ఫిల్టర్ కొనకూడదు. పైగా ఆ నూనె ఎక్కువైతే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పేరుకుంటుంది, గాలి కొలత తప్పుతుంది. గొట్టం వ్యాసం మారినా అదే చిక్కు.

అయితే ఇన్‌టేక్ ఎప్పుడూ ముట్టుకోకూడదా? ముట్టుకోవచ్చు, కొలిచాక. పెద్ద టర్బో వేసి, రీమ్యాప్ చేసి గాలి ప్రవాహాన్ని 40 శాతం పెంచితే, గొట్టాల దగ్గరా మలుపుల దగ్గరా అడ్డు దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు స్టాక్ పెట్టె నిజంగానే ఇరుకు కావచ్చు. తెలుసుకోవడం కష్టం కాదు. ఫిల్టర్ తర్వాత, టర్బోకు ముందు, ఒక సన్న గొట్టం తగిలించి నీళ్ళ మానోమీటర్‌కు కలిపి డైనో మీద ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. నీటి మట్టాల మధ్య 10 సెంటీమీటర్ల తేడా అంటే సుమారు 1 కిలోపాస్కల్. ఓబీడీ స్కానర్‌తో ఇన్‌టేక్ ఉష్ణోగ్రతను బయటి ఉష్ణోగ్రతతో పోల్చండి. అడ్డు ఎక్కువని తేలితే, ఎక్కువ వైశాల్యం ఉన్న పొడి ఫిల్టర్‌ను, మూసి ఉండే పెట్టెలో, బయటి గాలి తెచ్చే డక్ట్‌తో ఎంచుకోండి. అడ్డు తక్కువని తేలితే ఆ డబ్బు మంచి టైర్లకూ బ్రేక్ ప్యాడ్లకూ పెట్టండి.

స్టాక్ కాగితపు ఫిల్టర్‌ను వేళకు మార్చండి. సర్వీసులో కంప్రెసర్ గాలి కొట్టి మళ్ళీ బిగిస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ ఒత్తిడికి కాగితం చిరగవచ్చు. ట్యూనింగ్ షాపులో ఎవరైనా కోన్ ఫిల్టర్ చేతికిస్తే రెండే ప్రశ్నలు అడగండి: నా కారులో ఇప్పుడు అడ్డు ఎంత ఉంది? ఈ ఫిల్టర్ ధూళిని ఎంత ఆపుతుంది? రెంటికీ అంకెలతో జవాబు రాకపోతే కొనకండి.