జింకలకు కొత్త చోటెక్కడ?



నేను బరంపురంలో పుట్టి పెరిగినవాడను. వయస్సు 80 దాటినది. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో వున్న రోజులలోనే మా పూర్వులు యిక్కడ స్థిరపడినారు. 1936లో జిల్లా ఒరిస్సాలో చేరినా మేము కదలలేదు. అస్కా ప్రాంతంలో మాకు కొంత మెట్టభూమి వున్నది. దానిని గురించియే యీ లేఖ.

మా తాతగారికి షికారు సరదా. చిన్నతనంలో ఆయన వెంట యెడ్లబండిలో వెళ్లేవాడిని. ఊరి దగ్గర బీడులోనే జింకలు కనుపించేవి. కొన్నాళ్లకు పట్నంబాబులు జీపులు వేసుకొని, రాత్రిపూట లైట్లతో అక్కడికే రాసాగారు. తాతగారు మరొక బీడు వెదికారు. రెండేండ్లకు అక్కడా అంతే. మూడవ చోట దినమంతా తిరిగినా ఒక్క జింక కంటపడలేదు. "చోటుదేమున్నదిరా, మనమే ఎక్కువైనాము" అని యింటికి వచ్చి తుపాకీ అటకమీద పెట్టించారు. 1972 నాటి చట్టం కృష్ణజింక వేటను నిషేధించడానికి ముందే మా యింట వేట ఆగినది.

ఇప్పుడు చోటు వెదుక్కొనే వంతు జింకలది. భెట్నొయి, బాలిపదర్ ప్రాంతాల రైతులు, జింక పొలంలో అడుగు పెడితే వాన కురుస్తుందనే నమ్మకంతో, వాటిని కాపాడుకొంటూ వచ్చారు. 2011 గణనలో జిల్లాలో 2,194 కృష్ణజింకలు వుండగా, 2023లో 7,745 తేలినవి. సంతోషమే. కాని మంద పెరిగినంతగా బీడు పెరగదు గదా! రోడ్లు దాటబోయి బండ్ల క్రింద పడుతున్నవి, వీధికుక్కల పాలవుతున్నవి.

అడవిలోకి తోలవచ్చును గదా అనేవారున్నారు. కృష్ణజింక దట్టమైన అడవిలో బ్రతికే జంతువు కాదు. దూరం నుంచి శత్రువును చూచి పరుగెత్తడమే దాని రక్షణ. దానికి కావలసినది గడ్డిబయలు. ఆ బయళ్లనే మనము యిండ్ల స్థలాలుగా కొలుస్తున్నాము.

మా భూమినీ అమ్మివేయమని మా పిల్లలు అంటున్నారు. వారిని తప్పుపట్టను. పెసరచేను జింకలు మేసిపోతే నష్టం రైతుది, పుణ్యం మాత్రం ఊరందరిదీ! అందుచేత ప్రభుత్వంవారికి నా మనవి: పంట నష్టపరిహారం ఆలస్యం లేకుండా యివ్వాలి, కౌలుకు దున్నేవానికీ అది అందాలి. గోచర భూములను స్థలాలుగా పంచరాదు. చెట్లు నాటి మూసివేయనూరాదు. జింకలు దాటే తావులలో రాత్రివేళ బండ్ల వేగం తగ్గించాలి.

మన తెలుగు కుటుంబాలకూ ఒక మాట. మనలో చాలమంది భూములు యిక్కడ, కాపురాలు విశాఖలోనో హైదరాబాదులోనో. అమ్మక తప్పనివారు స్థలాల వ్యాపారికంటె ముందు, ఆ భూమిని దున్నుతున్న రైతునే అడిగి చూడండి. ధర కొంత తగ్గవచ్చును. అవకాశమున్నవారు ఒక చెక్క బీడుగా వదలండి. నా మట్టుకు నేను రెండెకరాలు వదలినాను. నా తరువాత దానిని ఏమి చేయుదురో పిల్లల యిష్టం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్రజంతువు. యిక్కడ మనకు అది పొలం పొరుగు. పొరుగువానిని పొమ్మనడం మన యిండ్లలో మర్యాద కాదు.

బరంపురం
ఇట్లు,
ఒక వృద్ధ రైతు