ఈ.సీ.జీ.లో కనబడని నొప్పి

ఆంధ్రప్రదేశ్ వైద్యవిద్యా సంచాలకులవారి సముఖమునకు,

అయ్యా,

గడచిన వేసవిలో మా బావమరిది చేయి విరిగినందున ఒక పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో తెల్లవారుదాక బల్లపై కూర్చుండవలసివచ్చిన నేను, ఆ రాత్రి చూచినదానిని విన్నవింపక యుండలేక యీ లేఖ వ్రాయుచున్నాను.

ప్రక్క మంచముపై నలువదియేండ్ల యిల్లాలు. గుండె పట్టివేసినదనియు, ఊపిరాడుట లేదనియు మొరపెట్టుకొనుచుండగా ఆమె చేతివ్రేళ్లు కొంకర్లు పోవుచుండెను. ఈ.సీ.జీ. తీసిరి, దోషమేమియు లేదు. "గ్యాసమ్మా, ఏం లేదు" అని యొక సూది వేసి పంపివేసిరి. మెట్లు దిగుచు ఆమె తల్లితో "మూడోసారీ ఏం లేదనే అన్నారు" అన్నది.

హృద్రోగము లేదని ముందుగా నిర్ధారించుకొనుట న్యాయమే. నిదురలేని ఆ హౌస్‌సర్జను కండ్లను చూచినవారెవ్వరును అతనిని నిందింపజాలరు. కాని గుండె బాగున్నదని తేలిన క్షణముననే విచారణ ముగిసిపోవుటయే నాకు మింగుడుపడలేదు. పానిక్ అటాక్ అని వైద్యశాస్త్రమే పేరుపెట్టిన బాధ ఇట్లే వచ్చును గదా! మనవారు దిగులును దిగులని చెప్పరు. తలబరువందురు, ఒళ్లునొప్పులందురు, కడుపులో మంటయందురు.

పురుగుమందు త్రాగి వచ్చినవాని సంగతి వేరు. "పొరపాటున తాగాడండీ" అని బంధువులు పోలీసులకు జడిసి చెప్పుదురు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను, అట్టివాడు తీవ్రమైన ఒత్తిడిలో నుండెనని భావించి, వానికి చికిత్సయు పునరావాసమును కల్పించు బాధ్యతను ప్రభుత్వముపై నుంచినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో, ఆత్మహత్యాయత్నమును నేరముగా నెంచిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షను లేనేలేదు. అయినను అట్రోపిన్ ఎక్కించి, కనుపాపలు కొలిచి, ప్రాణము నిలిపిన పిమ్మట "ఎందుకు తాగినావు నాయనా?" అని బంధువుల నావలికి పంపి యడుగువారేరి?

అమెరికా జాతీయ మానసికారోగ్య సంస్థవారు ఆత్మహత్యాలోచనలను కనిపెట్టుటకు అత్యవసర విభాగములకై రూపొందించిన ప్రశ్నావళిలో మొదట అడుగవలసినవి నాలుగే ప్రశ్నలు. అర నిమిషమైనను పట్టదు. వానిని పుస్తకభాషలోనికి గాక, "బ్రతకాలని లేదనిపిస్తోందా అమ్మా?" అని సిస్టరుగారు తెరచాటున అడుగగల తెలుగులోనికి తెప్పింపుడు. ఔనన్నవారికి మరునాటి ఓ.పీ. చీటీ చాలదు, మానసిక వైద్యుల ఓ.పీ. ఉదయముననే గాని, గుబులు అర్ధరాత్రియు వచ్చును. బోధనాసుపత్రులలో ఆ శాఖవారు ఉన్నారు గనుక, రాత్రి పిలిచినచో వచ్చునట్లు వంతులు వేయింపుడు. ఇంటికి పంపు చీటీపై మానసికారోగ్య సహాయవాణియైన టెలీమానస్ వారి 14416 నంబరు అచ్చువేయింపుడు.

ఆ యిల్లాలి కేసు షీటులో రక్తపోటు, నాడి, చక్కెర వ్రాయుటకు గడులున్నవి. నిదుర పట్టుచున్నదో లేదో వ్రాయుటకు గడి లేదు.

ఇట్లు,
ఒక రోగి బంధువు