‘వై’ నొక్కే ముందు ఆ జాబితా చదవండి

గూడూరు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టులు చేస్తున్న పిల్లలకు, వాళ్లకు ల్యాబుల్లో పాఠం చెప్పే మాస్టర్లకు వెంటనే చెప్పాల్సిన మాట ఇది. ఎవరో చెప్పిన కమాండ్‌ను టెర్మినల్‌లో అతికించి, స్క్రీన్ మీద ఏమొచ్చిందో చూడకుండా ఎంటర్ కొట్టడం ఇవాళే ఆపండి.

ఉబుంటులో ఎక్కువమంది దెబ్బతినేది ఒకచోట. ప్రాజెక్టుకు వేరే పైథాన్ వెర్షన్ కావాలి. ఉన్నది తీసేసి కొత్తది వేసుకుందామని ‘సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3’ కొడతారు. ఆ పైథాన్ మీదే సిస్టంలో సగం పనులు నడుస్తున్నాయని తెలియదు. తొలగిపోయే ప్యాకేజీలివీ అంటూ పొడవాటి జాబితా వస్తుంది. అప్‌డేట్లు చేసే ప్రోగ్రాం, టెర్మినల్, ఉబుంటు డెస్క్‌టాప్ అన్నీ అందులో ఉంటాయి. కింద కొనసాగించమంటారా అని ప్రశ్న, పక్కన వై, ఎన్ అక్షరాలు. అక్కడ వై మాత్రమే పెద్దక్షరం. అంటే ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ నొక్కినా సరేనన్నట్టే. రీస్టార్ట్ చేశాక మిగిలేది నల్లటి తెర, లాగిన్ అడిగే ఒక లైను. అప్పటికీ మీ ఫైళ్లు హోమ్ ఫోల్డర్‌లో భద్రంగానే ఉంటాయి. కంగారుపడి ఫార్మాట్ కొట్టి వాటిని పోగొట్టుకోవద్దు.

వేసేటప్పుడూ ఇదే ప్రమాదం. 2021 నవంబరులో వచ్చిన ఒక వీడియోలో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్, ఉబుంటు ఆధారంగా తయారైన పాప్ ఓఎస్‌లో స్టీమ్ అనే గేమింగ్ ప్రోగ్రాం వేయబోయాడు. ప్యాకేజీలో ఉన్న లోపం వల్ల, స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్ పోవాలని సిస్టం లెక్కగట్టింది. ముఖ్యమైనవి పోతాయని హెచ్చరించి, ఒక వాక్యం మొత్తం టైప్ చేస్తేనే ముందుకెళ్తానంది. ఆయన టైప్ చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. రోజూ కంప్యూటర్లతోనే బతికే మనిషికే అలా జరిగింది.

కమాండ్‌లో ఆప్ట్ తర్వాత ‘డ్యాష్ ఎస్’ చేర్చితే ఏమేం జరగబోతుందో చూపిస్తుంది, ఏదీ ముట్టుకోదు. దానికి సుడో కూడా అక్కర్లేదు. ‘డ్యాష్ వై’ ఉన్న కమాండ్ మాత్రం కొనసాగించమంటారా అన్న ప్రశ్నే అడగదు. కాపీ చేసిన కమాండ్‌లో అది కనిపిస్తే తీసేసి కొట్టండి.

పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్ దగ్గర పోయేది ఇంకా విలువైనది. జెల్లీఫిష్ అనే పైథాన్ ప్యాకేజీ పేరులో మొదటి ‘ఎల్’ బదులు పెద్ద ‘ఐ’ పెట్టి ఎవరో ఇంకో ప్యాకేజీ తయారు చేశారు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సర్వర్లలోకి వెళ్లే రహస్య తాళాలను దొంగిలించే కోడ్ దాన్లో ఉంది. 2018 డిసెంబరులో చేరిన ఆ నకిలీ దాదాపు ఏడాది పాటు ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు అసలు లేని ప్యాకేజీల పేర్లు కూడా చెబుతున్నాయి. ఆ పేర్లతో దొంగలు ముందుగానే ప్యాకేజీలు పెట్టి కాచుకునే వీలుంది. చాట్‌బాట్ చెప్పిన పేరును ఆ ప్యాకేజీ అధికారిక పేజీలో చూడకుండా వేయొద్దు.

ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో, 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి, సిస్టం పైథాన్‌లోకి నేరుగా పిప్ చేస్తే ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ మనల్ని కాపాడేందుకే. దాన్ని దాటడానికి చాలామంది వాడే ఆప్షన్ పేరే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’. అలా దాటకుండా ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ‘వెన్వ్’ ఫోల్డర్ చేసుకోండి, ఒక్క లైను పని. పాడైతే ఆ ఫోల్డర్ తీసేస్తే సరి. మొదటి ల్యాబ్ క్లాసులోనే దీన్ని నేర్పమని కాలేజీలను గట్టిగా కోరుతున్నాను.

నకిలీ ప్యాకేజీని ఇప్పటికే వేసేసి ఉంటే అన్‌ఇన్‌స్టాల్‌తో సరిపోదు. వేసేటప్పుడే దాని కోడ్ నడిచి ఉండొచ్చు. ముందు నెట్ ఆపండి. వేరే మిషన్ నుంచి ఈమెయిల్, గిట్‌హబ్, బ్యాంకు పాస్‌వర్డ్లు మార్చండి, పాత తాళాలను రద్దు చేయండి. ఖాతాలో డబ్బు పోయినట్టు తెలిస్తే తెల్లవారేదాకా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.